యంత్రం దిద్దని మాట

దయ్యం అని రాయాలా, దెయ్యం అని రాయాలా అన్నదాని మీద నా ఉద్యోగంలో చాలాసార్లు వాదించాను. అవి ఉన్నాయా లేవా అన్నదాని మీద మాత్రం ఎవరితోనూ వాదించలేదు. ఆ అవసరం రాలేదు. నేను తెలుగు మేస్టార్ని. నాకు తెలిసిన భూతం భూతకాలం ఒక్కటే.

ఇప్పుడు రాస్తున్నది దయ్యం కథ అని కూడా అనను. దయ్యాలు మనిషి పోయాక వస్తాయంటారు. నాకు వచ్చింది మనిషి పోకముందే వచ్చింది. జరిగింది జరిగినట్టు, నా ఫోన్లో ఇప్పటికీ ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నా తప్పు ఎక్కడుందో కూడా దాచకుండా రాస్తాను.

నేనుండేది గజపతినగరం. అక్కడే ఒక ప్రైవేటు హైస్కూల్లో పని. స్కూటరు మీద ఎనిమిది నిమిషాలు పోతే, చంపావతి ఒడ్డున మా అప్ప వాళ్ల పల్లె వస్తుంది. మా వైపు అక్కని అప్ప అంటాం. అమ్మ చిన్నప్పుడే పోవడంతో నన్ను పెంచింది అప్పా, బావా. వాళ్లకి పిల్లలు కలగలేదు. "ఈడొక్కడు సాలడేటి? ఈడి నోరే పదిమంది పెట్టు" అనేది అప్ప.

బావ పేరు అప్పలసూరి. వరి, మినుము పండించేవాడు. చదువుకోలేదు. నేను పండిట్ శిక్షణకి పరీక్ష రాసిన రోజున విజయనగరం దాకా సైకిలు మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. పరీక్ష అయ్యేదాకా గేటు బయట ఎండలో నిలబడ్డాడు. నేను బయటికి రాగానే "ఏటి రాసినావురా?" అన్నాడు. చెప్పాను. "దాని అర్థమేటి?" అన్నాడు. అదీ చెప్పాను. దారి పొడుగునా అలా అడుగుతూనే తొక్కాడు.

నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది బడి వార్షికోత్సవానికి వచ్చాడు. హెడ్‌మాస్టరు పక్కనే ఉన్నారు. బావ మురిసిపోతూ "ఏటి బామ్మర్దీ, ఇదేనేటి నీ బడి?" అన్నాడు. నేను నవ్వుతూ, నలుగురూ వినేలా అన్నాను: "ఏటి కాదు బావా, ఏమిటి."

కొత్తగా కొన్న ఎర్ర పెన్ను లాంటివాణ్ణి అప్పుడు. ఎక్కడ పెడదామా అని చూసేవాణ్ణి.

బావ ఏమీ అనుకోలేదు. "అలాగే, ఏమిటి" అని దిద్దుకున్నాడు. ఆ తర్వాత నా ముందు ఎప్పుడూ ఏటి అనలేదు. మాట మధ్యలో ఒక్క క్షణం ఆగి, చెప్పుల కింద పేడ ఉందేమో చూసుకున్నట్టు చూసుకుని, ఏమిటి అనేవాడు. అప్పకి మండిపోయేది. "నీ కాడికొచ్చీసరికి ఆ మనిసి నోరు కడుక్కుని మాటాడతన్నాడ్రా. నీ సదువు తగలెయ్య!"

రెండేళ్ల కిందట బావకి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ నెమ్మదిగా దారికొచ్చాయి. మాట రాలేదు. కొంతమందికి అన్ని మాటలూ పోయి ఒకే ఒక్క మాట మిగులుతుందని, దేనికైనా అదే అంటారని డాక్టరు చెప్పారు.

బావకి మిగిలిన మాట ‘ఏటి’.

జబ్బు అన్నీ పట్టుకుపోయింది. నేను దిద్దిన మాటనీ పట్టుకుపోయింది. దిద్దకముందున్న మాటని మాత్రం వదిలిపెట్టింది.

ఆకలేస్తే ఏటి. కోపమొస్తే ఏటి. ఎవరైనా వస్తే ఏటి. అప్పకి మాత్రం అన్నీ తెలిసేవి. "అది మజ్జిగరా... అది పక్క తడిసిందని... ఇది నిన్ను సూసిన సంబరం" అని వేరు చేసి చెప్పేది. నాకు అన్నీ ఒకేలా వినబడేవి.

ఇంకొక చిక్కు ఏమిటంటే, బావకి లేచి ఎటో వెళ్లిపోవడం అలవాటైంది. ఒకసారి రైలు గేటు దగ్గర దొరికాడు. ఇంకోసారి ఇంట్లోనే ఉండి, గ్యాసు పొయ్యి తిప్పి వెలిగించకుండా వదిలేశాడు. అప్పటినుంచి అప్ప చేలోకి వెళ్లాల్సి వస్తే ఇల్లు తాళం వేసి, తాళంచెవి రొంటిన దోపుకుని, బావని అరుగు మీద కూర్చోబెట్టి, పక్కింటి పైడమ్మకి చూడమని చెప్పి వెళ్లేది.

నేను అప్పకి ఒక మాట ఇచ్చాను. బావ కనబడకపోతే ఫోను చెయ్యి, పది నిమిషాల్లో నీ ముందుంటాను అని. ఆ మాట కోసమే కొత్త ఫోన్లు రెండు తీసుకున్నాను, నాకొకటి, వాళ్లిద్దరికీ ఒకటి.

ఈమధ్య ఏఐ అని రాసి ఉండని వస్తువు దొరకడం లేదు. మా ఇంట్లో బట్టలుతికే మిషను మీద ఉంది. టీవీ మీద ఉంది. స్కూల్లో ప్రశ్నపత్రం కూడా అదే తయారు చేస్తోంది. నేను చేసేదాని కంటే తప్పులు తక్కువ కాబట్టి నేను నోరెత్తడం లేదు. ఫోను అప్ప చేతిలో పెట్టి, గొప్పగా, "ఇందులో ఏఐ ఉందప్పా" అన్నాను.

"ఏయ్ అంటావేట్రా, పెద్దదాన్ని పట్టుకుని?"

నా ఫోన్లో ఒక ఏర్పాటు ఉంది. నేను పాఠంలో ఉండి ఎత్తకపోతే, ఆడగొంతుతో అదే ఎత్తుతుంది. ‘వారు అందుబాటులో లేరు, నేను వారి సహాయకురాలిని, విషయం చెప్పండి’ అంటుంది. అవతలివాళ్లు చెప్పింది తెలుగులో రాసి నాకు చూపిస్తుంది, ఆ గొంతు కూడా దాని కిందే దాచి ఉంచుతుంది. మొదటిరోజు అప్ప అది విని సాయంత్రం నా మీద పడింది.

"ఎవుల్రా అది? పెళ్లాం ఇంట్లో ఉండగా ఇంకొకత్తిని ఎట్టుకున్నావేటి?"

అసలు వింత ఆ రాతలోనే ఉంది. అప్ప "ఒరే, బావకి మందులైపోనాయి, బేగి రా" అంటే, నా ఫోన్లో "బావకు మందులు అయిపోయాయి, త్వరగా రా" అని వచ్చేది. ముందున్న ‘ఒరే’ని మర్యాద కాదని కాబోలు మింగేసేది. దానికి నేర్పినవాళ్లు అచ్చులో ఉన్న తెలుగే నేర్పి ఉంటారు. నేను ఇన్నేళ్లు మొత్తుకున్నా మారని అప్ప, వారం రోజుల్లో రేడియోలో వార్తలు చదివే ఆవిడ అయిపోయింది. నాకు కొంచెం అసూయ కూడా కలిగింది.

రోజూ పదిగంటలకి బావకి గంజన్నం పెట్టాక అప్ప నాకు ఫోను చేసి, బావ నోటి దగ్గర పెట్టేది. బావ ఏటి, ఏటి, ఏటి అనేవాడు. నేను పాఠంలో ఉండేవాణ్ణి. ఆ సహాయకురాలు రాసిపెట్టేది: "ఏమిటి. ఏమిటి. ఏమిటి." నేను ఇంటర్వెల్లో చూసుకుని, బావ తిన్నాడన్నమాట అనుకునేవాణ్ణి. పది నెలలు అలా గడిచింది. బావ చేత ఏమిటి అనిపించడానికి మళ్లీ నేనే ఒకదాన్ని కొన్నానన్న సంగతి అప్పట్లో నాకు తట్టలేదు.

ఇక ఆ రోజు సంగతి.

మంగళవారం. వానలు వెనకబట్టిన కాలం, మినప చేలో కలుపు తీస్తున్నారు. పదిగంటలకి మామూలుగానే వచ్చింది: "ఏమిటి. ఏమిటి. ఏమిటి." ఆ తర్వాత అప్ప చేలోకి వెళ్లింది. ఫోనులో చార్జింగు అయిపోవడంతో దాన్ని నడింట్లో ప్లగ్గుకి పెట్టి, ఇల్లు తాళం వేసింది. బావని అరుగు మీద కూర్చోబెట్టింది.

పదకొండూ నలభైరెండుకి నా ఫోనుకి మళ్లీ ఒక కాల్ వచ్చింది. నేను మూడో పీరియడులో ఉన్నాను. ఫోను స్టాఫ్ రూములో నా సొరుగులో ఉంది. సహాయకురాలు ఎత్తింది. బెల్లు కొట్టాక వచ్చి చూశాను. అప్ప వాళ్ల నంబరు. పంతొమ్మిది సెకన్లు. దాని కింద రాత:

"ఏటి. ఏటి. ఏటి."

నాకు నవ్వొచ్చింది. ఈ వాక్యం రాయడం కష్టంగా ఉంది గానీ, నిజంగానే పెద్దగా నవ్వాను. పక్కనే టీ తాగుతున్న లెక్కల మేస్టారికి ఫోను చూపించాను.

"చూశారా! పది నెలలు పట్టుబట్టి మా బావ దీనికి మన భాష నేర్పేశాడు."

ఆయన కళ్లజోడు సవరించుకుని చూశాడు. "బాగుందండి. మీరు మీ బావని దిద్దలేకపోయారు, అది మీ బావకి దిద్దుబడిపోయింది. రేపట్నించి మీ పీరియడు కూడా దానికే ఇచ్చేద్దాం."

పొద్దున్న ఒకసారి చేశారుగా, మళ్లీ ఎందుకు చేశారు అని ఒక్క క్షణం అనిపించింది. నిజం చెప్పాలి. అనిపించింది. అప్పే అయితే మాట్లాడేది కదా, బావ సరదా పడి ఉంటాడులే అనుకుని ఫోను మళ్లీ సొరుగులో పెట్టేశాను.

పన్నెండింటికి నాలుగో పీరియడు, పదో తరగతి. ఔపవిభక్తికాలు చెప్పాల్సిన రోజు. అంటే, కొన్ని మాటలు విభక్తి ముందు రూపం మార్చుకుంటాయి, ఊరు ఊరి అయినట్టు. ఆ వచ్చిన సందేశం మనసులో ఉంది కనుక, సరదాగా దాంతోనే మొదలుపెట్టాను. నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో ‘ఏటి’ అని రాసి, దీని అర్థం చెప్పండి అన్నాను.

"ఏమిటి అని సార్!" అని తరగతంతా ఒకేసారి అరిచింది.

"అది మన ఇంట్లో అర్థం. పుస్తకంలో అర్థం చెప్పండి."

వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "ఏరు, ఏటి. ఏటి నీళ్లు, ఏటి గట్టు" అంది. శెభాష్ అన్నాను. ఆ కిందే వరసగా రాశాను. ఏరు - ఏటి. నోరు - నోటి. చేయి - చేతి. నుయ్యి - నూతి. గొయ్యి - గోతి.

ఎవరూ అడగకుండానే నా చేత్తో నేనే రాశాను. చాక్‌పీసు దుమ్ము దులుపుకుని, నోట్సు రాసుకోమన్నాను.

పీరియడు అయ్యాక ఫోను తీస్తే ఇంకొక రాత ఉంది. అప్పది. పన్నెండూ నలభైకి వచ్చింది. "బావ కనబడటం లేదు. ఊరంతా వెతికాను. త్వరగా రా." ఎంత చక్కటి వాక్యాలు. తప్పు లేదు, తొందర లేదు, ఏడుపు లేదు. దాని కిందున్న గొంతు నేను ఇప్పటివరకూ వినలేదు.

పది నిమిషాల్లో వస్తానన్న మాట నిలబెట్టుకున్నాను. ఎనిమిది నిమిషాల్లోనే వెళ్లాను. కానీ ఆ ఎనిమిది నిమిషాలు ఎక్కడ మొదలవ్వాల్సిందో అక్కడ మొదలవ్వలేదు.

ఒకటిన్నరకి దొరికాడు. ఏట్లో మోకాలి లోతు నీళ్లే. ఇసుక తవ్వి వదిలేసిన గొయ్యి ఒకటి గట్టుకి దగ్గర్లోనే ఉంది. పైకి చూస్తే తెలియదు.

ఆ పొద్దున గేదెలు కడుగుతున్న ఒకతను తర్వాత చెప్పింది ఇది. పదకొండున్నర దాటాక బావ నడుచుకుంటూ వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. ఇతను "ఏటి మావా, ఇలగొచ్చినావు?" అన్నాడు. బావ "ఏటి" అన్నాడు. "మాటకి మాట అన్నాడు గదా అనుకున్నాను బాబూ" అని అతను తలకొట్టుకున్నాడు. పన్నెండుంపావు బస్సు వంతెన దాటినప్పుడు కూడా బావ గట్టు మీదే కూర్చుని ఉన్నాడు. బస్సు వెళ్లాక ఇతను గేదెల్ని తోలుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

అంటే నాకు సందేశం వచ్చాక అరగంటకి పైగా బావ అక్కడ, పొడిగా, ప్రాణంతో కూర్చుని ఉన్నాడు. ఎనిమిది నిమిషాల దూరంలో. నేను నల్లబల్ల మీద ఏటి గట్టు గురించి చెబుతున్నాను.

కర్మకాండలు అయ్యేదాకా ఆ సందేశం మళ్లీ తీసి చూడలేదు. పన్నెండో రోజు దాటాక అప్పని అడిగాను. ఆ రోజు రెండోసారి ఎందుకు ఫోను చేశావని.

"నానెక్కడ సేసినాన్రా? పోను నడింట్లో ఉన్నాది. ఇల్లు తాళం. సెవి నా రొంటిన ఉన్నాది."

పైడమ్మని అడిగాను. అన్నం వార్చడానికి పది నిమిషాలు లోపలికి వెళ్లానని ఆవిడ ఒప్పుకుంది. తాళం మాత్రం వేసే ఉందని ఒట్టేసింది. అప్ప ఫోను తీసి, చేసిన కాల్స్ వరస చూశాను. పదిగంటలది ఉంది. పన్నెండూ నలభైది ఉంది. మధ్యలో ఏమీ లేదు. నా ఫోన్లో మాత్రం పదకొండూ నలభైరెండుది ఇప్పటికీ ఉంది.

విజయనగరంలో ఫోన్లు బాగుచేసే దుకాణానికి రెండూ పట్టుకెళ్లాను. అతను ఓపికగానే చూశాడు. పొద్దున్నది ఆలస్యంగా రెండోసారి వచ్చి ఉంటాదండి అన్నాడు. అదే అయితే, అదే మాట రెండు రకాలుగా ఎందుకు రాసిందని అడిగాను. పది నెలల సందేశాలూ వెనక్కి తిప్పి చూపించాను. బావ మాట ఉన్న ప్రతిచోటా ‘ఏమిటి’. ఒక్కచోట కూడా ‘ఏటి’ లేదు. ఆ రోజు తర్వాత మా వాళ్లు ఎవరు ఏటి అన్నా, అది మళ్లీ ‘ఏమిటి’ అనే రాస్తోంది. ఏమీ నేర్చుకోలేదు.

అతను రెండు ఫోన్లూ నా ముందు పెట్టి, "ఈ ఏఐ ఒక్కోసారి ఏటీ ఇనబడకపోయినా రాసేస్తాది సార్. కాళీగా ఒగ్గడం దానికి రాదు. తోసింది నింపేస్తాది" అన్నాడు.

అది నాకు అర్థమైంది. పరీక్షల్లో నా పిల్లలు చేసేదీ అదే. తెలియకపోయినా ఖాళీ వదలరు. కానీ తెలియకుండా రాసిన జవాబైనా సరే, సరైనదైతే మార్కు వేస్తాం కదా.

ఇంకొకటి మిగిలింది. ఆ పంతొమ్మిది సెకన్ల శబ్దం ఫోన్లోనే ఉంటుంది, నొక్కితే వినొచ్చు. ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. నాకు ఏమీ వినబడదు. గాలి హోరు లాంటిది కూడా లేదు. లెక్కల మేస్టారికి వినిపించాను, ఆయనకీ వినబడలేదు.

వినిపించాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించి, అప్పకి వినిపించాను. అరుగు మీద కూర్చుని ఉంది, బావ కూర్చునే చోట. ఫోను చెవి దగ్గర పెట్టాను. పంతొమ్మిది సెకన్లు కదలకుండా వింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫోను నా చేతిలో పెట్టేసి, ఎప్పుడూ చెప్పినట్టే, మజ్జిగ అనో పక్క తడిసిందనో వేరు చేసి చెప్పినట్టే చెప్పింది.

"ఇది అడగడం కాదురా. సెప్పడం."

ఆమెకి ఏం వినబడిందని నేను అడగలేదు. ఏటి అన్న మాటలో ‘ఏమిటి’ ఎక్కడ ఆగుతుందో, ‘ఏరు’ ఎక్కడ మొదలవుతుందో చదువురాని ఆవిడకి తెలిసింది. ఆ యంత్రానికి, ఆ ఒక్కసారికి, తెలిసింది. అది తెలుసుకోవడానికి జీతం తీసుకుంటున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

చంపావతి అన్న పేరు విడదీసి, అందులో చంపకాలు ఉన్నాయని పిల్లలకి చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ పేరు విడదీయడం లేదు. ఎవర్నీ మాట మధ్యలో ఆపి దిద్దడం కూడా మానేశాను.

సహాయకురాలు రాసిన ప్రతి సందేశం కిందా ఒక ప్రశ్న ఉంటుంది. ‘ఈ రాత సరిగ్గా ఉందా?’ అని. పక్కన రెండు గళ్లు: అవును, కాదు. మామూలుగా ఎవరూ పట్టించుకోరు. దీనికి మాత్రం, ఫోను అప్‌డేట్ అయినప్పుడల్లా, మీ జవాబు ఇంకా రాలేదని గుర్తు చేస్తోంది. వేలు పెడతాను. తీసేస్తాను. కాదు అంటే, బావ చివరి మాట మీద కూడా ఎర్ర సిరా పెట్టినట్టవుతుంది. అవును అంటే, నాకు సమయానికే చెప్పారని సంతకం పెట్టినట్టవుతుంది.

ఇన్నేళ్లలో ఎన్ని పేపర్లు దిద్దానో. ఈ ఒక్క మాటని దిద్దలేకపోతున్నాను. తాళం వేసిన ఇంట్లోంచి ఫోను చేసింది ఎవరో, ఆ యంత్రం విన్నది ఏ గొంతో, నాకు తెలియదు. మా అప్పని అడిగితే ఏదో చెబుతుంది గానీ, నేను అడగను.

అదేటో నాకు ఇప్పటికీ తెలియలేదు.